రెండే మ్యాచ్‌ల శెట్టి

బద్వేలులో మా వీధి కొట్టు సుబ్బయ్య శెట్టి కుర్రతనంలో దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడాడట. నేనెప్పుడూ నమ్మలేదు. ఒక్క ఫోటో కూడా లేదు మరి! ఈ రోజు గుడికి టెంకాయ కొంటూ నిలదీశాను.

“ఎన్ని మ్యాచ్‌లు ఆడినావు మామా?”

“రెండే అప్పా. రెండో దాంట్లో ఆఖర్న ఆటలోకి దించినారు. బంతి నా కాడికి రానే లేదు.”

నా అనుమానం ఇంకా పెరిగింది. చేయి జారినట్టు నటించి టెంకాయను కింద వదిలాను. బండల మీద దొర్లుతున్నదాన్ని ఆయన తల దించకుండానే అరికాలితో టక్కున ఆపేశాడు. వెంటనే నాలుక కరుచుకుని, దాన్ని తీసి కళ్లకద్దుకున్నాడు.

“కాలు తగిలింది దేవునికి పనికిరాదప్పా” అంటూ ఇంకోటి ఇచ్చాడు.

అబద్ధాలకోరైతే ఇరవై మ్యాచ్‌లని చెప్పుకోడా? అయినా ఫోటో ఎందుకు లేదంటారు?