ఎన్ని నీళ్లలో?

ఆ రోజు గురువారం, పొద్దున ఏడు గంటలు. మిరప తోటకి మూడోసారి మందు కొట్టినా పురుగు చావలేదు. అది కౌలు చేను. పోతే ఆ ఏడు మాకింకేం లేదు.

మా ఇంట్లో అద్దెకుండే కెమిస్ట్రీ పంతులమ్మ నరసరావుపేట బస్సుకి పోతా గట్టు మీద ఆగింది. ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఒకటే పాడు అలవాటు. రెండు చెంచాల ఉప్పేశానంటే, "ఎంత కూరలో పిన్నీ?" అనేది. చానా విసుగొచ్చేది నాకు.

మా మరిది మందుల కొట్టుకి పోయి గొడవ పెట్టుకుంటానని బండెక్కాడు.

"కల్తీ మందిచ్చాడు వదినా, వాడి సంగతి తేలుస్తా."

"ఎంత కలిపావు బాబాయ్?" అంది పంతులమ్మ.

"ఎప్పుడూ పోసేదే. ట్యాంకుకి రెండు మూతలు."

"ఎన్ని నీళ్లలో?"

మరిది బండి దిగాడు. పాత ట్యాంకు పది లీటర్లది. ఈ ఏడు కొన్న బ్యాటరీ ట్యాంకు ఇరవై. మూడుసార్లూ సగం మందే కొట్టాం.

"ఇప్పుడు నాలుగు మూతలు పోస్తే తోట బతుకుద్దా అమ్మా?" అన్నాను.

ఆవిడ ఒక ఆకు తిప్పి చూసింది.

"లెక్క వరకే నాకు తెలుసు పిన్నీ."

ఆ పొద్దున అక్కడ ఉన్నది పంతులమ్మ, మా మరిది, నేను. ఆకు కింద, ఇంకా చావని పురుగు.