గరుకు కడ్డీ

దేవరకొండలో మొన్నటిదాకా గాజులమ్మిన మమత ఏ గాజునైనా చెంపకు రాసి చూసేది. నున్నగా జారితేనే కొనేది. కాఫీ దుకాణం పెట్టాక, ఒకదానిపై ఒకటి రెండు గాజు బుడ్డీలుండే సైఫన్ అనే కాఫీ పరికరంలో వేసే గాజు కడ్డీనీ అలాగే ఏరింది. పొడిని పైబుడ్డిలోనే ఆపి, కాఫీని కిందికి వదలడం దాని పని. బొడిపెలున్న గరుకు కడ్డీని సొరుగులో పడేసింది.

మొదటిరోజే, కాఫీకొచ్చిన అందరి ముందు, కాఫీ పైనే నిలిచిపోయింది. నున్నటి కడ్డీ బుడ్డీల మధ్య గొట్టాన్ని బిరడాలా మూసేసింది.

“కాఫీ దిగుతదా, నన్నే పైకెక్కమంటవా బిడ్డా?” అన్నాడు ముసలి లచ్చయ్య.

“జర ఆగు తాతా. చేతికేసుకునే గాజులెక్క ఏరిన, గదే తప్పయింది.”

మమత గరుకు కడ్డీ తీసి, దాని బొడిపెలను బొటనవేలితో తడిమి, మళ్లీ కాచింది. ఈసారి బొడిపెల సందుల్లోంచి కాఫీ బుడబుడమంటూ దిగింది. లచ్చయ్య చెయ్యి చాపాడు. మమత మొదటి కప్పు తనవైపు లాక్కుంది.

“తప్పు చేయంగ అందరు చూసిండ్రు గద తాతా. గిప్పుడు తాగంగ గూడ చూడుండ్రి.”