జయరామ్ హోటలు ఆవు

మా డ్రాయింగు మాస్టారు ధనంజయ గారికి లోకంలో ఏదీ మామూలుగా కనబడేది కాదు. ప్రతిదానికీ చిత్రకళలో ఒక పేరు ఉండాల్సిందే. పాకాల హైస్కూల్లో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఆయనది పక్క గది.

కాట్పాడి ప్యాసింజరు దూరంగా చుక్కలా కనబడితే "అదప్పా పర్‌స్పెక్టివ్ అంటే" అనేవారు. దగ్గరికొచ్చేకొద్దీ బండి ఎందుకు పెద్దదవుతుందో ఆయన వివరించేలోపు, మేం ఎక్కాల్సిన ఆ బండి వెళ్లిపోయేది. భార్య వసంతమ్మ గారు విరిగిన దోసె వడ్డిస్తే మెచ్చుకునేవారు. "క్యూబిజం. ఒకే దోసెను నాలుగు పక్కల నుంచీ ఒకేసారి సూపించినావు."

"తినండి, సల్లారిపోతాది," అనేవారు ఆమె.

1978లో జయరామ్ స్టేషను ఎదురుగా కాఫీ హోటలు పెట్టి, బోర్డు మీద పాడి ఆవును గీయమని చెంగయ్యకు చెప్పాడు. పాతికేళ్లుగా ఊళ్లో బోర్డులన్నీ చెంగయ్యవే. ఈసారి మాత్రం ఆవుకు కొమ్ములేవో చెవులేవో తెలియలేదు. మేమిద్దరం కాఫీకి వెళ్లేసరికి జనం గుమిగూడి నవ్వుతున్నారు. చెంగయ్య కుంచె పట్టుకుని తల వంచుకున్నాడు.

"ఇది ఆవా, మబ్బా? దించేయప్పా," అంటున్నాడు జయరామ్.

ధనంజయ గారు ముందుకు వెళ్లారు. "దించబాక. ఇది ఇంప్రెషనిజం."

"అంటే ఏంది అయ్యోరా?"

"ఆవును గీసేది కాదు. ఎండలో ఆవును సూస్తానే కంటికి తగిలే వెలుగు ఉండాదే, దాన్ని గీసేది. ఫ్రాన్సులో ఇట్లాంటి బొమ్మల ముందర వరస కట్టి నిలబడతారు."

జయరామ్ నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. "అవునబ్బా, ఈడ నుంచి ఆవే," అన్నాడు. నవ్విన వాళ్లంతా తలలూపి కాఫీకి కూర్చున్నారు.

దారిలో అడిగాను. "నిజంగా అదేనా సార్?"

"కాదప్పా. వాని కండ్లకు పొర వచ్చుండాది. అందరి ముందర బోర్డు దించితే రేపు వానికి పనెవరిస్తారు?"

ఆ ఆదివారమే చెంగయ్యను చిత్తూరు తీసుకెళ్లి కంటి ఆపరేషను చేయించారు. కళ్లకు కట్టుతో పడుకున్న మనిషి పక్కన కూర్చుని, గోడ మీది నీడలు చూపిస్తూ లైట్ అండ్ షేడ్ పాఠం చెప్పారట.

రెండు నెలలకు జయరామ్ రేణిగుంటలో ఇంకో హోటలు పెట్టాడు. చెంగయ్య ఈసారి ఆవును వెంట్రుకలతో సహా గీశాడు. జయరామ్ ఆ బోర్డు మోసుకుని నేరుగా బడికే వచ్చి గోడకు ఆనించాడు.

"ఏంది అయ్యోరా, ఉత్త ఆవును గీసినాడు. నాకు ఇజం ఉండేది కావాల."

"ఇదీ ఇజమే జయరామ్. రియలిజం అంటారు," అన్నారు ధనంజయ గారు. "అంతా నిజమే. దగ్గరికి పోతే తన్నినా తంతాది."

జయరామ్ ఆవును ఎగాదిగా చూసి, దాని వెనక కాళ్ల దగ్గర నుంచి మెల్లగా ఇవతలికి జరిగాడు.