వీపు మీద గంట

మొన్న ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తుంటే, రెండు వైపులా పెట్టెలు కట్టుకున్న పెద్ద పెద్ద మోటారు సైకిళ్ళు కొన్ని దుమ్ము కొట్టుకుని మంచిర్యాల వైపు నుంచి దూసుకొచ్చాయి. రోడ్డు దాటబోతున్న మా ఆయనకు ఆ హోరు వినపడలేదు. అరిచి లాభం లేదని తెలుసు కనుక, వీపు మీద వేలి కణుపుతో ఒక్కటి కొట్టాను. అక్కడికక్కడే ఆగిపోయాడు. బండ్లన్నీ పోయేదాకా కళ్ళప్పగించి చూసి, వాటిలో ఒకటి మా మరిది బండి లాంటిదని నవ్వుతూ వేలు చూపించాడు.

గోదావరిఖనిలో ఆయనది బొగ్గు బాయి ఉద్యోగం, నాది బడిపంతులమ్మ ఉద్యోగం. బాయి లోపల బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను నడిపేవాడు. అవతల చీకట్లో ఉన్న మనిషి కనపడడు, గంట కొడతాడు. ఒక్కటైతే ఆపాలి, రెండైతే మెల్లగా దించాలి, మూడైతే లాగాలి. పెళ్ళైన కొత్తలో బుల్లెట్టు కొన్నప్పుడు, వెనకాల నేనేం చెప్పినా గాలికి వినపడటం లేదని కయ్యానికి దిగితే, ఆ గంటలే నాకు నేర్పాడు. అడ్డంగా మేక వస్తే వీపు మీద ఒక్కటి, గుంతలొస్తే రెండు, మంచి రోడ్డు దొరికితే మూడు. మూడు కొట్టినప్పుడల్లా బండి ముందుకు దూకేది, నా ప్రాణం లేచి వచ్చేది.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొంచెం ముందు, జ్యోతినగర్‌లో కరెంటు ప్లాంటు ఇంజనీరైన మా మరిది హైదరాబాదు నుంచి కొండలెక్కే ఎత్తైన బండి ఒకటి తెచ్చాడు. ఇక చూడండి, మా క్వార్టరు ముందు అన్నదమ్ములకు వేరే మాట లేదు. బ్రేకులు, టైర్లు, పెట్రోలు, నాకైతే చెవులు చిల్లులు పడేవి. "నీది మస్తు ఉరుకుతది గని, ఖరాబైతే మన దిక్కు బాగు చేసెటోడున్నడా?" అని పైకి ఎకసెక్కం చేసేవాడు కానీ, తమ్ముడు లోపలికి వెళ్ళగానే ఆ బండిని తన రుమాలుతో తుడిచేవాడు మా ఆయన. రిటైరయ్యాక అలాంటిదే కొని నన్ను మంచుకొండల దాకా తీసుకుపోవాలని ఆయన కోరిక. దాచడమెందుకు, నాకూ ఉండేది.

ఏది మేలో తేల్చడానికి ఒక వానాకాలం కెరమెరి ఘాటుకు వెళ్ళాం. వెనక కూర్చునేదాన్ని నేనే కనుక తీర్పు నాదేనని, నన్ను మరిది బండి ఎక్కించారు. సీటు సింహాసనమే అనుకోండి, నడుము నొప్పి మాటే లేదు. ఒక మలుపులో వానకు జారిన రాళ్ళు కనిపించాయి. మరిదేమో లోయ అందం చూస్తున్నాడు. ఒక్కటి కొట్టాను. బండి జోరందుకుంది! ఇంకా గట్టిగా కొట్టాను. ఇంకా జోరు! వదిన శభాష్ అంటోందనుకున్నాడట మహానుభావుడు. ఆఖరి క్షణంలో రాళ్ళు చూసి బ్రేకు వేసేసరికి ఇద్దరం తుప్పల్లో పడ్డాం. నా మోకాలు చీరుకుపోయింది, గాజులు పగిలాయి.

వెనకాలే బుల్లెట్టు మీద వచ్చిన మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "గంట కొట్టలేదా?" అన్నాడు.

"కొట్టిన! నీ తమ్మునికి బాయి గంటలు ఎవలు నేర్పిన్రు?" అని అరిచి, నవ్వొచ్చి, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఆయన, పడితే దెబ్బ తగలకుండా తమ్ముడు వేసుకున్న మందపాటి మెత్తల కోటు విప్పించి తను తొడుక్కుని, "కొట్టు" అన్నాడు. కొట్టాను. తల అడ్డంగా ఊపాడు.

"ఏదో తాకినట్టున్నది గని, ఎన్ని కొట్టినవో తెలుస్తలేదే. నా చెవులు పోయినయి. హారను సుత వినపడ్తలేదు. ఇన్ని రోజులు నీ చెయ్యి చెప్తేనే తోల్తున్న."

ఇంట్లో పిలిస్తే పలకనప్పుడల్లా పొగరనుకున్నాను నేను! ఇన్నేళ్ళ ఇంజను హోరు ఆయన చెవులను తినేసిందని నాకెవరు చెప్పారు? కళ్ళు తుడుచుకుని, కోటు లేకుండానే పెద్ద బండి తోలమన్నాను.

"గంత ఉరికే బండిని కోటు లేకుంట నిన్నెక్కిచ్చుకొని ఎట్ల తోల్త? కోటేసుకుంటె నీ గంట తెల్వదాయె. వద్దు తియ్," అన్నాడు. మంచుకొండల మాట మళ్ళీ ఎత్తలేదు. బుల్లెట్టు మీదే మెల్లగా, గోదావరి ఒడ్డు దాకా పోయి వచ్చేవాళ్ళం.

ఇప్పుడు హెల్మెట్లలోనే మాట్లాడుకునే మిషన్లు వచ్చాయట. ఆయన పనిచేసిన బాయి మూతపడింది, అమ్మేసిన బుల్లెట్టు ఎవరి ఇంట్లో ఉందో తెలియదు. మేమిద్దరం సాయంత్రాలు కాలనీలో నడుస్తాం, ఆయన ముందు, నేను వెనక. ఒకప్పుడు మూడు కొట్టాలని ఎంత ఉబలాటపడేదాన్నో! ఈమధ్య రోడ్డు మీద ఏ బండీ లేకపోయినా ఊరికే ఒక్కటి కొడుతున్నాను. ఆయన ఆగుతాడు. ఎందుకని అడగడు. నేను పక్కకు వచ్చేదాకా అలాగే నిలబడతాడు.