నేరం ఒప్పుకోని బస్సు డ్రైవరమ్మ

ఆ బడి బస్సు నడిపే ఆవిడది పెద్ద గొంతు. పిల్లలు హారనక్క అనేవారు. తోటి డ్రైవర్లూ ఆ పేరే ఖాయం చేశారు. పదకొండేళ్లలో బస్సుకు ఒక్క గీత పడనివ్వలేదు గానీ, ఎవరైనా అడ్డదిడ్డంగా నడిపితే మాత్రం నోటికి తాళం ఉండేది కాదు.

ఆ నోరే ఒక సోమవారం ఉదయం ఆమెను పోలీసు స్టేషనుకు చేర్చింది. బడి గేటు ముందు ఒక సరుకుల లారీ వెనక్కి చూడకుండా రివర్సు అవుతోంది. బస్సు దిగిన పిల్లలు ఇంకా రోడ్డు మీదే ఉన్నారు. ఆమె ఒక్క ఉదుటున వెళ్లి లారీ తలుపు దబదబా బాదింది. లారీ ఆగింది. ఆమె ఆగలేదు. లారీ నడిపే అతని ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకుంది. అతనూ తక్కువ తినలేదు. జనం మూగారు, బండ్లు నిలిచిపోయాయి. పోలీసులు వచ్చి, నడివీధిలో రచ్చ చేశారని ఇద్దరి మీదా కేసు రాశారు.

లారీ అతను మర్నాడే కోర్టులో నేరం ఒప్పుకుని, చిన్న జరిమానాతో బయటపడ్డాడు. ఆమె భర్త కుర్చీలు అల్లేవాడు, గొడవంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. "నువ్వూ ఆ ఒక్క మాట అనేసి వచ్చెయ్. పీడా పోతుంది" అన్నాడు.

ఆమెకూ అదే మేలనిపించింది. కోర్టు వరండాలో ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ, ఏం పని చేస్తారని అడగకపోతే, నేరం ఒప్పుకునే కాగితం మీద ఆమె సంతకం పెట్టేసేదే. బడి బస్సు అనగానే లాయరమ్మ కాగితం వెనక్కి లాక్కుంది. జరిమానా చిన్నదే గానీ, ఒప్పుకుంటే శిక్ష పడినట్టు రికార్డులో ఉండిపోతుందని, పిల్లల బస్సు నడిపేవాళ్లకు ఏటా కావలసిన పోలీసు ధ్రువపత్రంలో అది కనిపిస్తుందని విడమరిచి చెప్పింది.

దాంతో ఆమె నేరం ఒప్పుకోలేదు. కేసు తేలేదాకా స్టీరింగు ముట్టుకోవద్దని బడివాళ్లు ఆమెను షెడ్డులో బస్సులు కడిగే పనికి మార్చారు. ఐదు నెలలు, నాలుగు వాయిదాలు. తన బస్సును వేరేవాళ్లు గేర్లు కీచుమనిపిస్తూ తీసుకెళ్తుంటే పళ్లు బిగబట్టేది. మొదట సణిగిన భర్త, మూడో వాయిదా నుంచి దుకాణం మూసి తోడొచ్చాడు.

గేటు ఎదురుగా గడియారాలు బాగుచేసే పెద్దాయన సాక్ష్యానికి వచ్చాడు. "అరిచిందండీ. నా చెవులింకా తేరుకోలేదు. కానీ ఆ అరుపే లేకపోతే లారీ ఆగేది కాదు" అన్నాడు.

మీరేమంటారని మేజిస్ట్రేటు ఆమెను అడిగారు. లాయరమ్మ కంగారుగా చూస్తుండగానే ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"లారీ ఆపడానికి అరిచింది తప్పు కాదండీ. ఆగాక తిట్టింది తప్పే."

పిల్లల కోసం చేసింది నేరం కాదన్నారు మేజిస్ట్రేటు. తిట్లకు మాత్రం మందలించి, ఆరు నెలలు మళ్లీ గొడవల్లోకి వెళ్లకుండా ఉంటే కేసు ముగిసిపోతుందని, శిక్షగా నమోదు కాదని చెప్పారు. ఆ ఆరు నెలలూ ఆమె కోపం వచ్చినప్పుడల్లా ఇంకో బస్సు కడిగింది. షెడ్డు అద్దంలా మెరిసిందని తోటివాళ్లు నవ్వారు.

ధ్రువపత్రం మచ్చ లేకుండా వచ్చింది. పాత రూటు అప్పటికే వేరొకరిదైపోయింది. ఊరి చివర రాళ్ల గుట్టల వైపు వెళ్లే గతుకుల దారి ఇచ్చారు, ఎవరూ అడగనిది. ఆమె మారుమాట్లాడకుండా తాళాలు అందుకుంది. మొదటి మలుపులో ఒక చిన్నపిల్ల భయంభయంగా మెట్లెక్కి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"వెళ్లి కూర్చోమ్మా. నువ్వు కూర్చున్నాకే కదులుతాను" అంది, ఎంత నెమ్మదిగా అనగలదో అంత నెమ్మదిగా.