మా ఇంట్లో పడవ లెట్రిన్

మా ఇంట్లో మూడు గదులు, ముందు అరుగు, వెనక జామచెట్టు, పడకగది మూలన ఒక పడవ లెట్రిన్ ఉన్నాయి. చివరిది చెబితే హుస్నాబాద్‌లో ఇప్పటికీ కొందరు నమ్మరు. నమ్మనివాళ్లను లోపలికి తీసుకెళ్లి చూపించడం నాకు సరదా, నా భార్యకు తలనొప్పి.

నేను గల్ఫ్‌లో పడవల రేవులో ఫిట్టర్‌గా పనిచేశాను. షోకు కోసం తిరిగే తెరచాప పడవల్లో పైపులు, పంపులు, లెట్రిన్లు బాగుచేయడం నా పని. ఊళ్లో అడిగితే 'షిప్పుల పని' అనేవాణ్ని, లెట్రిన్ల సంగతి ఎత్తేవాణ్ని కాదు. నేను అక్కడ ఉండగానే ఇక్కడ నా భార్య ఒంటిచేత్తో ఇల్లు కట్టించింది. మేస్త్రీతో కొట్లాడింది, ఇసుక తక్కువ తెచ్చిన ట్రాక్టరును వాపసు పంపింది. ఒక్క వాస్తు ఆయన దగ్గర మాత్రం కిక్కురుమనలేదు. మా స్థలం ఈశాన్యం మూలకు పల్లం. అది మంచిదేనట, కానీ ఆ మూలకు మురికి చేరకూడదట. అందుకని లెట్రిన్‌నూ సెప్టిక్ ట్యాంకునూ మెట్లెక్కి పోయేలా ఎత్తున ఉన్న వాయవ్యంలో కట్టించారు. లోపల గదిలో ఇంకో లెట్రిన్ పెట్టుకుందామంటే అందులోది మిట్టకెక్కాలి.

ఫోన్‌లో నేను నవ్వితే ఆమెకు కోపం వచ్చింది. "నువ్వాడ సముద్రం మీద ఉంటివి. నేనీడ ఈశాన్యంల గుంత తవ్విపియ్యాల్నా?" అంది. ఈశాన్యంలో మురికిగుంత ఉంటే ఇంటి యజమానికి కీడట. నా కోసం భయపడే మనిషి ఒకరు ఉన్నారని ఆ రోజంతా రేవులో నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

కొన్నేళ్లకు ఆమెకు మోకాళ్లు పట్టుకున్నాయి. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, కుట్టుమిషను తొక్కీ తొక్కీ అరిగాయో ఏమో. మెట్లు ఎక్కవద్దు, గొంతుక్కూర్చోవద్దు అని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. మా లెట్రిన్‌కు ఆ రెండూ కావాలి.

అప్పుడే రేవులో ఒక పడవ యజమాని తన చేతిపంపు లెట్రిన్‌ను తీసేసి కరెంటుది పెట్టమన్నాడు. పాతదాన్ని పారేయమన్నాడు. తెల్లటి పింగాణీ, ఒక్క గీత కూడా పడలేదు. ఇలాంటి పడవల్లో లెట్రిన్ నీటిమట్టానికి దిగువన ఉంటుంది. అందులోది పంపు కొట్టి పైకెక్కించి బయటికి పంపాలి. దాన్ని విప్పుతుంటే మా ఈశాన్యం గుర్తొచ్చింది. పారేయడానికి చేతులు రాలేదు. ఆ ఏడాదే పని మానుకుని ఇంటికొచ్చాను, దాన్ని డబ్బాలో పెట్టుకుని.

గల్ఫ్ నుంచి వచ్చినవాడి డబ్బా విప్పేటప్పుడు చుట్టాలంతా చుట్టూ కూర్చోవడం మా వైపు ఆనవాయితీ. సెంటు సీసాలు వచ్చాయి, సబ్బులు వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి. దుప్పట్ల కింద నుంచి లెట్రిన్ బయటపడేసరికి అందరూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు. నా భార్యే ముందు తేరుకుంది. "అందరి మొగోళ్లు బంగారం తెస్తరు, మా ఆయన లెట్రిన్ తెచ్చిండు" అని నవ్వింది. ఆ నవ్వుతో నేను బతికిపోయాను.

పడకగదిలో వాస్తు ఆయనకు అభ్యంతరం లేని మూల చూసి, గోడ కట్టించి, దాన్ని బిగించాను. పైపు గోడ వెంట పైకెక్కి, ఒక వంపు తిరిగి, ట్యాంకులోకి దిగుతుంది. ఆ వంపు ఎత్తుగా లేకపోతే ట్యాంకులోది తిరిగి ఇంట్లోకి వస్తుంది. మొదటిరోజు నేను వంపు పొట్టిగా పెట్టాను. మిగతాది చెప్పను, అన్నం తినేటప్పుడు చదివేవాళ్లు కూడా ఉంటారు.

వంపు సరిచేశాక అంతా బాగానే ఉందనుకున్నాను. లేదు. పంపు కొడితే కిర్రు కిర్రుమని ఇల్లంతా వినిపించేది. జాకెట్ల కొలతలకు వచ్చే ఆడవాళ్లు ఆ గోడకు ఇవతలే కూర్చుంటారు. మొదట్లో ఒకామె "అక్కా, లోపల బోరింగు ఏపిచ్చిండ్రా?" అని అడిగింది. మిగతావాళ్లకు సంగతి తెలుసు, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి నా భార్య నీళ్లు తాగడం మానేసింది. పొద్దున నింపి పక్కన పెట్టుకున్న చెంబు సాయంత్రానికీ నిండుగానే ఉండేది. అందరూ వెళ్లిపోయాక గాని లేచేది కాదు.

మూత్రంలో మంట మొదలైంది. ఇట్లాగే నీళ్లు తాగకుండా ఉంటే కిడ్నీల దాకా పోతుందని డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు. ఇంటికొచ్చాక, "నువ్వు పంపు కొట్టకుండనే లేచొచ్చెయ్, ఎవ్వరు లేనప్పుడు నేను పోయి కొడ్త" అన్నాను.

"నా ఎనక నువ్వు పోయి కొడ్తవా? సచ్చినా వద్దు," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు కోపం వచ్చింది. ముక్కూమొహం తెలియని దొరల లెట్రిన్లు ఇన్నేళ్లు కడిగాను, సొంత పెళ్లాం దగ్గర నాకు సిగ్గేమిటి? ఆ మాట పైకే అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. సిగ్గు ఆమెది, అది నేను మోయలేనని అప్పుడు తట్టింది. తన పని తానే చేసుకుని, తలుపు తీసుకుని తలెత్తుకుని బయటికి రావాలి. ఆమెకు కావలసింది అంతే.

నాతో పనిచేసిన ఖానాపూర్ అతను ఇంకా ఆ రేవులోనే ఉన్నాడు. ఫోన్ చేసి, చేతిపంపు తీసి దాని జాగాలో బిగించే కరెంటు మోటరు కావాలన్నాను. "ఫికర్ చెయ్యకే అన్నా" అన్నాడు. సెలవుకు వస్తున్న ఒకాయన బట్టల మధ్య పెట్టి పంపించాడు. పింగాణీ అదే ఉంచి, పంపు విప్పి, మోటరు బిగించాను. వెనక్కి రానివ్వని రబ్బరు మూత కొత్తది వేశాను. పడవ మోటర్లు బ్యాటరీ మీదే నడుస్తాయి కాబట్టి మా ఇన్వర్టర్ బ్యాటరీకి తగిలించాను. కరెంటు పోయినా ఆగదు.

బకెట్ నీళ్లు పోసి బొత్తాం నొక్కాను. గుర్రుమని గోడలు అదిరాయి. చేతిపంపే నయం. సముద్రం మీద గాలి హోరులో ఆ మోత నాకు ఎప్పుడూ తెలియలేదు. నా మొహం మాడిపోయింది. వంటింట్లో ఉన్న నా భార్య వినే ఉంటుంది.

మర్నాడు పొద్దున ఇద్దరు కొత్త ఆడవాళ్లు కొలతలకు వచ్చారు. వాళ్లను కూర్చోబెట్టి, ఆమె గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర పేపరు పట్టుకుని ఒక్క అక్షరం చదవకుండా కూర్చున్నాను. మోటరు గుర్రుమంది, ఆగింది. ఆమె బయటికి వచ్చి మిషను ముందు కూర్చుంది.

"మిక్సీల ఏం పట్టినవ్ అక్కా?" అని అడిగింది అందులో ఒకామె.

"పల్లీల చట్నీ, బిడ్డా."

"మోత గట్లొస్తుందేంది? ఎవరికన్న చూపియ్యి."

"మా ఆయన చూస్తడు తియ్యి," అంది నా వైపు చూడకుండా.

తర్వాత పక్కనున్న చెంబు ఎత్తి, అందరి ముందే గటగటా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. ఖాళీ చెంబు నా చేతికిచ్చి, "ఇంకిన్ని నీళ్లు తే," అంది.