దరీ భాషలో మంత్రిగారి మాట

విదేశాంగ మంత్రి చేత ఏం చెప్పించాలన్నది ఫిల్మ్‌నగర్‌లో మాకు పెద్ద చిక్కేమీ కాదు. విజిల్ పడితే చాలు. కాబూల్‌లో ఇరుక్కున్న అఫ్గాన్లతో మంత్రి "మా తలుపు మీకోసం ఎప్పుడూ తీసే ఉంటుంది" అంటాడని జూబ్లీహిల్స్ ఆఫీసులో కూర్చుని రాశాను. డైరెక్టర్ ఉబ్బిపోయాడు. "ఇది వాళ్ల దరీ భాషలోనే చెప్పిద్దామండీ. థియేటర్ ఊగిపోద్ది."

అది నేర్పడానికి టోలిచౌకి నుంచి ఒక అఫ్గాన్‌ను పిలిపించారు. పీహెచ్‌డీకి వచ్చి, అక్కడ ప్రభుత్వం కూలడంతో ఇక్కడే ఉండిపోయి, ఇక్కడి తెలుగు నేర్చుకున్న మనిషి. భార్య కాబూల్‌లోనే ఉంది. ఇక్కడికి రావడానికి ఆమెకు అప్పట్లో వచ్చిన వీసా రద్దయింది. మళ్లీ అడిగినప్పుడల్లా పరిశీలనలో ఉందంటారట. ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా టీ తాగుతూ చెప్పాడు. నాకే ఒళ్లు మండింది.

మంట చల్లారాక ఆలోచించాను. మనది ప్రపంచాన్ని శాసించే దేశం కాదు, ఏం పట్టనట్టు కూర్చుంటే చెల్లిపోయే చిన్న దేశమూ కాదు. చుట్టుపక్కల నిప్పు రాజుకుంటే గోధుమలు పంపుతాం, మందులు పంపుతాం, గద్దెనెక్కినవాళ్లతో ఆచితూచి మాట్లాడతాం. మనుషుల్ని రానివ్వడానికి మాత్రం జంకుతాం. ఆ కుర్చీలో కూర్చుంటే నేనూ జంకుతానేమో. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ అతని భార్య ఏం చేసిందని?

షూటింగ్‌లో మంత్రి వేషగాడికి దరీ నోరు తిరగలేదు. దానికి మా దగ్గర మందుంది, ప్రాంప్టింగ్. కెమెరా పక్కన ఒకరు నిలబడి డైలాగ్ అందిస్తే నటుడు విని అంటాడు. అందించడానికి అఫ్గానే నిలబడ్డాడు. తలుపు తీసే ఉందని ప్రతి టేక్‌లోనూ ముందు అతను అనాలి, తర్వాత మంత్రి అనాలి. నేను అతని మొహం వైపు చూడలేకపోయాను.

టేక్ ఓకే అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, గా ముక్క జర నా ఫోన్‌కు పంపిస్తరా? మా ఇంటామెకు వినిపిస్త."

"అది సినిమా కదండీ. ఆవిడ నిజమనుకుంటే?"

"అనుకోదు, సినిమా అనే చెప్త. గానీ మీ దేశంల మా భాషల గా మాట అన్నోళ్లు ఇంకెవ్వరు లేరు గదా."

వెళ్లి డైరెక్టర్‌ను అడిగాను.

"ఆయన మంచోడేనండీ, నమ్మకం లేక కాదు. బయటికెళ్తే లీకవుద్ది. రిలీజయ్యేదాకా ఎవరికీ ఇవ్వం" అన్నాడు.

ఆ జవాబు మోసుకెళ్లాల్సింది నేనే. ఉన్నదున్నట్టు చెప్పాను. అతను నవ్వాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. వీసా ఆఫీసుల గూడ గింత మంచిగనే చెప్తరు."